నాలుగు గంటల పాఠం

"ఆ ఊదారంగు శాలువా ఎక్కడ పెట్టావు?"

బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని అడిగింది ఆడపడుచు. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. అత్తగారి బట్టలు సగానికి పైగా అందులోకి వెళ్ళిపోయాయి.

"ఉతికి ఆరేశాను వదినా. సాయంత్రానికి ఆరుతుంది."

"తడిదైనా ఫరవాలేదు. ఇచ్చెయ్యి. మా ఇంట్లో ఆరేసుకుంటాను."

కోడలు బాల్కనీలోకి వెళ్ళి శాలువా తీసుకొచ్చింది. ఇంకా నీళ్ళు కారుతూనే ఉంది. ఆడపడుచు దాన్ని ప్లాస్టిక్ సంచిలో కుక్కి పెట్టెలో ఒక మూలకి తోసింది.

"రేపు పదింటికి డిశ్చార్జి చేస్తామన్నారు. అక్కణ్ణుంచి అటే తీసుకెళ్ళిపోతాను. మళ్ళీ ఈ గుమ్మం తొక్కించను. ఇప్పుడే చెప్తున్నా, తర్వాత అదీ ఇదీ అనుకోవద్దు."

పది రోజులుగా కోడలికి మాటలు చెవిదాకా వస్తున్నాయి గాని లోపలికి దిగడం లేదు. పొద్దున కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరూ తినలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"నలభై అయిదు నిమిషాలు," అంది ఆడపడుచు, మడత పెడుతున్న జాకెట్టు వైపే చూస్తూ. "పక్కగదిలో నలభై అయిదు నిమిషాలు నేలమీద పడుంది మా అమ్మ. నువ్వు గోడకి అవతల డ్రమ్ములు డబడబా కొట్టుకుంటూ కూర్చున్నావు."

"హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను వదినా. వినపళ్ళేదు."

"అది తొంభైసార్లు చెప్పావు. పాఠాలన్నీ రికార్డు అవుతాయన్నావుగా. ఆ రికార్డు పెట్టు. పిలిచిందో లేదో నేనే వింటాను. పిలవలేదంటే నీ కాళ్ళు పట్టుకుని క్షమించమంటాను. పెట్టవు. ఎందుకు పెట్టవు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే."

తలుపు దగ్గర నిలబడి ఉన్న భర్త అప్పుడు కల్పించుకున్నాడు.

"ఎందుకక్కా ఆ రికార్డు గొడవ. వింటే మాత్రం అమ్మ లేచి నడుస్తుందా? జరిగిందేదో జరిగింది. దాన్ని తుడిచెయ్యమని నేనే చెప్పాను."

"నువ్వు పెళ్ళాన్ని వెనకేసుకురాకపోతే ఆశ్చర్యపోవాలి గాని."

అతను తల వంచుకున్నాడు. ఆమె అతనివైపు చూసింది. ఈ పది రోజుల్లోనూ తన తరఫున మాట్లాడిన మనిషి అతనొక్కడే. అందుకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. ఏదీ కలగడం లేదు.

"నాలుగింటికి పాఠం ఉంది," అంది ఆమె.

ఆడపడుచు చేతులు ఆగిపోయాయి. "ఇవాళా?"

"పది రోజుల్నుంచి ఆపేశాను. ఇవాళ్టినుంచి మొదలుపెడతానని మాటిచ్చాను."

"కానీ తల్లీ కానీ. నీ మాట పోకూడదు."

పెట్టె మూత పడింది. అక్కాతమ్ముళ్ళు దాన్ని చెరోవైపూ పట్టుకుని కిందికి దించారు. అక్కను ఆస్పత్రిలో దింపి అటునుంచి పనికి వెళ్తానని చెప్పి అతనూ వెళ్ళిపోయాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అతను సూపర్వైజరు. రోజంతా ఊరుమీద తిరుగుడే. అత్తగారు పడిన రోజు కూడా అంతే. ఆమె పదిసార్లు ఫోను చేస్తే పదకొండోసారికి దొరికాడు. లిఫ్టు గోతిలో ఉన్నాను, సిగ్నలు లేదు అన్నాడు.

* * *

పాఠాలు చెప్పే గది చిన్నది. గోడలకి మందపాటి నురగ పలకలు అంటించి ఉంటాయి. మధ్యలో డ్రమ్ములు, ఎదురుగా కంప్యూటరు, నెత్తిమీద కర్రకి వేలాడుతూ ఒక మైకు. ఆ గది తలుపు పూర్తిగా మూసుకోదు. హాల్లోంచి నెట్టు కేబులు లాగారు. అది తలుపు కిందుగా పట్టక, సందులోంచి రావాలి. నాలుగు వేళ్ళ సందు ఎప్పుడూ ఉంటుంది.

"ఉండనీలే అమ్మాయ్," అనేది అత్తగారు. "నీ డప్పు వినపడకపోతే నాకు మధ్యాహ్నం గడవదు." హాల్లో కుర్చీలో కూర్చుని, ముందున్న వాకరు మీద వేళ్ళతో దరువు వేస్తూ ఉండేది. తప్పు దరువే. పాఠం అయ్యాక టీ తాగుతూ ఇద్దరూ దాని గురించి నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆ అత్తగారికి కుడివైపు పని చేయడం లేదు. మాట పోయింది. మెదడులో నరం చిట్లి పడ్డారో, పడినందువల్ల చిట్లిందో చెప్పలేమన్నారు డాక్టర్లు. చెవులకి మాత్రం ఏమీ కాలేదు, అన్నీ వింటున్నారు, జాగ్రత్తగా మాట్లాడండి అన్నారు. ఆమె స్పూనుతో జావ పట్టబోతే అత్తగారు పెదవులు బిగించుకుంటుంది. మొహం గోడవైపు తిప్పుకుంటుంది. కొడుకు పడితే తాగుతుంది, కూతురు పడితే తాగుతుంది. వార్డులో ఆయా కూడా గమనించింది. "మీరు బయట కూర్చోండమ్మా," అంది ఒకరోజు, మెల్లగానే.

నాలుగు గంటలకి తెరమీద గడియారాలాయన కనిపించాడు.

అరవై రెండేళ్ళ మనిషి. గడియారాలు బాగుచేస్తాడు. దుకాణం వెనకగదిలో, విప్పేసిన గడియారాల మధ్య, డ్రమ్ముకి బదులు రబ్బరు ప్యాడు పెట్టుకుని రెండేళ్ళుగా నేర్చుకుంటున్నాడు. ఆమె విద్యార్థులందరిలోకీ నిదానమూ ఆయనదే, శ్రద్ధా ఆయనదే. ప్రతి పాఠం రికార్డునీ వారం పొడుగునా వింటాడు.

"అత్తగారికి ఎలా ఉంది టీచరుగారూ?"

"రేపు ఇంటికి పంపిస్తున్నారు. మొదలుపెడదామా? పోయినసారి మూడో దరువు దగ్గర ఆపాం."

ఆయన డ్రమ్ము పుల్లలు చేతిలోకి తీసుకోలేదు. కంటికి తగిలించుకునే భూతద్దాన్ని తుడిచి, పక్కన పెట్టి, మళ్ళీ తీసి తుడిచాడు.

"ఇవాళ వాయించనండి. ఒక మాట చెప్పాలి. తొమ్మిది రోజుల్నుంచి చెప్పాలా వద్దా అని ఊగుతున్నాను. ఆ రోజు పాఠం మీరు విన్నారా?"

"లేదు."

"పాఠం అవగానే మీ కంప్యూటరు దానంతటదే పంపేస్తుంది కదా. రెండు ఫైళ్ళు. నేను వాయించింది ఒకటి, మీరు వాయించింది ఒకటి. నా చెత్త నాకెందుకని నేను మీదొక్కటే వింటాను. మీరు కొట్టి చూపించాక, నా వంతు వస్తుంది. అప్పుడు మీ ఫైల్లో ఏమీ ఉండదు. మీరు ఊరికే నన్ను వింటూ ఉంటారు." ఆయన ఆగాడు. "కానీ ఉంటుందండి. ఇల్లు వినపడుతుంది."

అది ఆమెకి తెలుసు. తెలియకపోవడమేమిటి, ఆ ఏర్పాటు చేసింది తనే. వీడియో కాల్లో డ్రమ్ము చప్పుడు పంపడం తేలిక కాదు. ఆ సాఫ్ట్‌వేరు దాన్ని రణగొణధ్వని అనుకుని కోసేస్తుంది. మనిషి మాట ఒక్కటీ మిగిల్చి తక్కినదంతా చెత్తబుట్టలో వేస్తుంది. అందుకని ఆ కోత తీసేసి, ఉన్నదున్నట్టు పంపమని పెట్టుకోవాలి. అలా పెట్టుకుంటే ఫ్రిజ్జు మూలుగూ వెళ్తుంది, వీధిలో హారనూ వెళ్తుంది.

"నేను ఇంకొకళ్ళ ఇంటి మాటలు వినే మనిషిని కాను టీచరుగారూ. చెవిలో పడ్డాయి. పద్దెనిమిదో నిమిషం దగ్గర్నుంచి వినండి. ఒక్కరే ఉన్నప్పుడు వినండి."

"పిలిచారా ఆవిడ నన్ను?"

గడియారాలాయన భూతద్దం పక్కన పెట్టేశాడు. ఆయన వెనక గోడకి ఉన్న గడియారాలన్నీ తలో టైమూ చూపిస్తున్నాయి.

"పిలవలేదండి," అన్నాడు. "అది కాదు. మీరు చెప్తే నా దగ్గరున్నది ఇప్పుడే తుడిచేస్తాను."

"ఉంచండి," అంది ఆమె. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

* * *

పద్దెనిమిదో నిమిషంలో ముందు తన గొంతు వినిపించింది. "మీ వంతు. నెమ్మదిగా." తర్వాత ఏమీ లేదు. ఫ్రిజ్జు. ఆ తర్వాత వీధి తలుపు తాళంచెవి తిరిగిన చప్పుడు.

ఆ చప్పుడు ఆమెకి తెలుసు. పనిముట్ల సంచి నేలమీద పెట్టిన చప్పుడూ తెలుసు.

"ఇప్పుడొచ్చావేరా?" అత్తగారి గొంతు. పది రోజుల తర్వాత ఆ గొంతు వినడం.

"ఇటు పక్కనే పనుండి వచ్చానమ్మా. నీతో మాట్లాడాలి."

అంతలో తన డ్రమ్ము మోగింది. పదహారు లెక్కల దరువు. ఇల్లంతా దాని కింద మునిగిపోయింది. ఆమె కదలకుండా కూర్చుని తన వాయింపు తను విన్నది. శుభ్రంగా ఉంది. మళ్ళీ ఆగింది.

"...అక్క దగ్గర కొన్నాళ్ళుండు. అంటే శాశ్వతంగా కాదు."

"నాకిక్కడ బాగానే ఉందిగా. నన్నెందుకు పొమ్మంటున్నావు?"

"నేననట్లేదమ్మా. దానికే కష్టంగా ఉంది. పాఠాల మధ్యలో నువ్వు లేస్తున్నావు, పిలుస్తున్నావు, దాని పని పాడవుతోంది. మొహం మీద అనలేక నాచేత చెప్పిస్తోంది."

మళ్ళీ పదహారు లెక్కలు. ఈసారి చివర తాళం పళ్ళెం మీద ఒక దెబ్బ. అది మోగుతూ మోగుతూ సన్నబడిపోయేసరికి అత్తగారి మాట సగంలో ఉంది.

"...అదలా అనదు."

"అందనేగా చెప్తున్నాను."

"అయితే దాన్నే అడుగుతాను. నా ముందు అనమను."

"ఇప్పుడొద్దమ్మా. పాఠంలో ఉంది. సాయంత్రం మాట్లాడుకుందాం. నేను వచ్చినట్టు చెప్పకు."

సంచి పైకి లేచింది. తలుపు పడింది. తాళం తిరిగింది.

తర్వాత కొంచెంసేపు ఫ్రిజ్జు ఒక్కటే. ఆ తర్వాత వాకరు. నాలుగు కాళ్ళూ ఒక్కసారి నేలకి ఆనిన చప్పుడు, వెనకే చెప్పుల రాపిడి. హాల్లో కుర్చీనుంచి ఈ గది తలుపు దాకా ఎన్ని అడుగులో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు లెక్కపెట్టింది. వద్దనుకున్నా లెక్క ఆగదు. పాతికేళ్ళ అలవాటు. ఒకటి. రెండు. మధ్యలో ఆయాసం. మూడు. నాలుగు, అయిదు. చప్పుడు దగ్గరవుతోంది. ఆరు. ఏడు.

అప్పుడు తన గొంతే వినిపించింది, గడియారాలాయనతో అంటోంది: "తొందరపడకండి. మనకి బోలెడు టైముంది. మళ్ళీ మొదట్నుంచి చూపిస్తాను."

డ్రమ్ము మోగింది. ఆ మాటు చాలాసేపు మోగింది.

అది ఆగాక ఎనిమిదో అడుగు లేదు.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి డ్రమ్ము మీద పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక గ్లాసు కడిగింది. దాన్నే మళ్ళీ కడిగింది. ఆస్పత్రిలో అత్తగారు మొహం గోడకి తిప్పుకుంటున్నది పిలిస్తే రాలేదని కాదు. తను పొమ్మన్నదని.

* * *

భర్త ఆరింటికి వచ్చాడు. సంచి కింద పెట్టాడు. ఆ చప్పుడుకి ఆమె తలెత్తి చూసింది.

"పాఠం అయిందా?" అన్నాడు.

"అయింది. కూర్చోండి."

"టీ పెట్టావా?"

"ఆ రోజు నాలుగుంబావుకి మీరు ఇంటికొచ్చారు."

అతను కూర్చోలేదు. నిలబడే చెప్పులు విప్పాడు, ఒకటి తర్వాత ఒకటి, చాలా జాగ్రత్తగా, జతచేసి గోడవారగా పెట్టాడు.

"తుడిచెయ్యమన్నానుగా," అన్నాడు చివరికి.

"మరిచిపోయాను."

"అంతా ఉందా?"

"నేను కొట్టినప్పుడు తప్ప అంతా ఉంది."

హాల్లో అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోబోయి మానేసి, కింద కూర్చున్నాడు. గోడకి తల ఆనించుకున్నాడు.

"నేను వెళ్ళేసరికి అమ్మ కుర్చీలోనే ఉంది. ఒట్టు. పడుతుందని నాకేం తెలుసు."

"తెలియదు. అది నేననట్లేదు."

"రాత్రి అయిదారుసార్లు లేపుతుంది. నువ్వు లేచేదానివి, నిజమే. కానీ నాకు మెలకువ వచ్చేది. మళ్ళీ నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే లిఫ్టు గోతిలోకి దిగితే కళ్ళు తిరిగేవి. ఒకరోజు కాలు జారింది కూడా. నీతో చెప్పలేదు. ఎవరితోనూ చెప్పలేదు."

"అత్తయ్యతో చెప్పాల్సింది."

"అమ్మతో ఏమని చెప్పను? నిన్ను చూసుకోలేను, పో అని కన్నతల్లితో అనమంటావా? నా నోటికి రాలేదు."

"అందుకని నా నోరు తీసుకున్నారు."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. తన్నుతున్నారు, తన్నుతున్నారు, అది రగలడం లేదు.

"పది రోజులు," అంది ఆమె. "మీ అక్క నన్ను ఏ మాటా మిగల్చకుండా అంది. మీరు పక్కనే ఉన్నారు. నన్ను వెనకేసుకొచ్చారు. అది కూడా చేశారు."

"రేపు నేనే చెప్తాను," అన్నాడు అతను. "అమ్మకీ చెప్తాను, అక్కకీ చెప్తాను. ఆస్పత్రిలోనే, డిశ్చార్జికి ముందే. నువ్వు నోరెత్తకు. నన్నే చెప్పనీ. అంతమాత్రం చెయ్యనీ."

"సరే."

"నన్ను తిట్టవేం?"

ఆమె ఆలోచించింది. తిట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని నిజంగానే లోపల వెతికింది.

"టీ పెడతాను," అంది.

* * *

పొద్దున పదింటికి వార్డులో అందరూ ఉన్నారు. అత్తగారిని దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ఆడపడుచు తల దువ్వి, మొహం తుడిచి, తడి ఆరిన శాలువా భుజాల చుట్టూ కప్పింది. పెట్టె మంచం కింద ఉంది.

భర్త చక్రాల కుర్చీ తెచ్చాడు. దాని బ్రేకు సరిగా లేదని వంగి చూశాడు. బ్రేకు బాగుంది. మందుల చీటీ రెండుసార్లు చదివాడు. కారు ఎక్కడ ఆపాలో కనుక్కొస్తానని వెళ్ళి, కనుక్కుని వచ్చాడు. నీళ్ళసీసా నింపుకొచ్చాడు. ప్రతిసారీ ఆమె అతనివైపు చూసింది. ప్రతిసారీ అతను ఇంకో పని వెతుక్కున్నాడు.

"అమ్మా," అన్నాడు ఒకసారి మంచం పక్కన ఆగి. అత్తగారు తలెత్తింది. "చలిగా ఉందా?" అన్నాడు.

నర్సు కాగితాలతో వచ్చింది. "ఏ ఇంటికి తీసుకెళ్తున్నారు? ఫిజియోథెరపీ ఆయన్ని అక్కడికే పంపిస్తాం. అడ్రసు రాసుకోవాలి."

"మా ఇంటికే," అంది ఆడపడుచు. "రాసుకోండి, చెప్తాను."

భర్త చక్రాల కుర్చీ పిడులు పట్టుకుని నిలబడ్డాడు. అతని పెదవులు కదిలాయి. ఆడపడుచు వీధి పేరు చెప్పింది. నర్సు రాసుకుంది. ఇంటి నంబరు చెప్పింది. అతను పిడులు వదిలి మళ్ళీ పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి సిస్టర్," అంది ఆమె.

పది రోజులుగా ఆ గదిలో ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు. నర్సు కలం ఆగింది. ఆమె మంచం దగ్గరికి వెళ్ళి, అత్తగారి మొహానికి ఎదురుగా వంగింది. అత్తగారు గోడవైపు తిరిగింది.

"అత్తయ్యా, అటే తిరిగి వినండి, ఫరవాలేదు. ఆ రోజు మీరు కుర్చీలోంచి లేచి నన్ను ఒకటి అడగడానికి వస్తున్నారు. తలుపు దాకా వచ్చేశారు. మీరేం అడగబోయారో నాకు నిన్ననే తెలిసింది. నేనా మాట అనలేదత్తయ్యా. ఎవరితోనూ అనలేదు. నాకా ఆలోచనే లేదు."

గోడవైపు తిరిగిన మొహం అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా ఇటు తిరిగింది. అత్తగారి కళ్ళు ఆమె మొహమంతా వెతికాయి. నోరు ఒక పక్కకి లాగింది. ఏదో అనబోయిందో, లేదో.

"ఏ మాట?" అంది ఆడపడుచు. "ఏ మాట అనలేదంటున్నావు? ఎవరన్నారు?"

శాలువా కిందనుంచి అత్తగారి ఎడమచెయ్యి బయటికి వచ్చింది. కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి తనని తాకి పది రోజులైంది. నమ్మిందన్నమాట, అనుకుంది ఆమె. గుండెలో ఎక్కడో, చాలా కింద, చిన్న కదలిక లాంటిది పుట్టింది.

కానీ ఆ చెయ్యి నిమరడం లేదు. నొక్కుతోంది. అత్తగారి చూపు ఇప్పుడు ఆమె మీద లేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి, చక్రాల కుర్చీ పట్టుకుని తల వంచుకున్న కొడుకు మీద ఉంది. అక్కణ్ణుంచి మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చింది. తల వీలైనంతలో, కొంచెంగా, అడ్డంగా ఊపింది.

వద్దు.

"తమ్ముడూ, ఏమంటోంది నీ పెళ్ళాం? నాకు తెలియకుండా ఏం జరిగింది మీ ఇంట్లో?"

అతను మళ్ళీ బ్రేకు వైపు వంగాడు.

ఆడపడుచు మంచం చుట్టూ తిరిగి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. ఈసారి గొంతులో కోపం లేదు. అడుగుతోంది, అంతే.

"వాడు చెప్పడు. నువ్వు చెప్పు. ఎవరన్నారు?"

అత్తగారి వేళ్ళు ఆమె మణికట్టు మీద ఇంకా బిగిశాయి.